నలభై ఇళ్ల చొక్కా

మా ప్రయోగశాలకు వచ్చే అచ్చు బట్టల్లో ఎక్కువ భాగం సరిహద్దు దాటి వచ్చే పాలియెస్టరే. పసిపిల్లల బట్టకైతే రంగు ఉమ్మికి వదలకూడదు, ఒంటిని కందించే ఫార్మాల్డిహైడ్ రసాయనం హద్దు దాటకూడదు. అవి తేలాకే సంతకం పెడతాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే కాబట్టి ఆ సంతకమంటే నాకు భయం ఎక్కువ.

ఆ ఉదయం జిపర్‌గుల్ అక్క నీలిబాతుల బట్టముక్క తెచ్చింది. బిష్కెక్‌లో మా పేటలోనే ఆమె కుట్టు కార్ఖానా. చైనా నుంచి తెప్పించిన తానుతో పిల్లల గౌన్లు కుట్టించాలని ఆత్రంగా ఉంది. ముక్క చక్కగా ఇస్త్రీ చేసి ఉంది. సబ్బు వాసన వేసింది.

“అక్కా, దీన్ని ఉతికారా?”

“ఉతక్కుండా? దుమ్ముగుడ్డ ఆఫీసులో పెడితే, ఇదేం ఆడదని నువ్వే అనవూ!”

“ఉతికితే దోషం నీళ్లలో కొట్టుకుపోతుంది. తానులోంచి కోసినట్టే కావాలి.”

“చదువుకున్నోళ్లకి మురికే ఇష్టం కాబోలు,” అని గొణుక్కుంటూ వెళ్లి మరో ముక్క తెచ్చింది.

దానికి తెల్లగుడ్డ జోడించి, ఉమ్మిలాంటి ద్రావణంలో తడిపి వెచ్చని పెట్టెలో ఉంచాను. మధ్యాహ్నం తీసి చూస్తే తెల్లగుడ్డ నీలమైపోయింది. ఫార్మాల్డిహైడ్ హద్దుకు చాలా పైన ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

“ఆ తాను ముట్టుకోకండక్కా. ఎవరికైనా అమ్మారా?”

“నీ కాగితం రాకుండా ఎలా అమ్ముతానే? మీ వదిన అడిగితే ఒక పీలిక ఇచ్చా, అంతే. నలభై ఇళ్ల చొక్కాకి కాదనకూడదు కదా.”

మా అన్న కొడుకు పుట్టి ఆ రోజుకు నలభై రోజులు. నలభై ఇళ్లు తిరిగి దీవెనగా తెచ్చిన పీలికలతో కుట్టిన చొక్కా వాడికి తొడిగే రోజు. వదిన ఫోన్ ఎత్తలేదు. అమ్మ ఎత్తింది గానీ, పాటల హోరులో నా మాట వినబడక పెట్టేసింది. వ్యాను పట్టుకుని పరుగెత్తాను.

ఇల్లంతా వేపుడు రొట్టెల వాసన. వాడికి నలభై చెంచాల నీళ్లతో చేయించే స్నానం అయిపోయింది, చొక్కా కూడా తొడిగేశారు. అమ్మ ఒడిలో నిద్రపోతున్నాడు. పిడికిలితోపాటు చొక్కా చేతికి కుట్టిన నీలిబాతుల అంచు నోట్లో ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

వాడి ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చగా తగిలింది. పెదవి తుడిస్తే నీలం నా వేలికి అంటింది.

“వదినా, కుట్టే ముందు వీటిని ఉతికావా?”

జవాబు అమ్మ చెప్పింది. “దీవెనను సబ్బేసి ఎవరైనా ఉతుకుతారటే?”

నేను చొక్కా విప్పబోయాను. అమ్మ నా చెయ్యి పట్టేసింది. “ఆగవే నుర్జాదా! శుభమా అని తొడిగిందాన్ని విప్పుతావా? చదివి చదివి మతిపోయిందా?”

“ఈ బాతుల ముక్క మా పరీక్షలో తప్పిందమ్మా,” అంటూ నీలపు వేలు ఆమె కళ్లముందు పెట్టాను. ఆమె పట్టు సడలింది. చొక్కా విప్పి, వాడి నోరు, ఒళ్లు కడిగాను. వాడు కెవ్వున ఏడ్చాడు. మణికట్టు చుట్టూ ఎర్రగా కందింది.

“డాక్టరుకు చూపిద్దాం, పద వదినా,” అన్నాను.

అమ్మ నేలమీది చొక్కాను చీపురుపుల్లతో తిరగేసింది. ఎర్రవి, పచ్చవి, పూలవి, గళ్లవి.

“నువ్వు పరీక్ష చేసింది ఈ ఒక్క ముక్కేగా. మిగతావి?”

ఆ పీలికలిచ్చిన ఆడవాళ్లలో చాలామంది ఆ గదిలోనే ఉన్నారు. పాట ఆగిపోయింది. ఒక్కొక్కరే ఒడిలోని తమ పిల్లల మెడపట్టీలను ఉమ్మితో తడిచేసిన వేలితో రుద్ది చూసుకోసాగారు.