కారం ఎక్కాలంటే

చొక్కా ఇస్త్రీకి ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆపైన చేతులు, వీపు, చివరికి ముందు భాగం. ముప్పై ఏళ్లుగా అదే వరస. వేడి బల్ల మీద ఆవిరి లేచినప్పుడల్లా అతను మొహం ఎడమ పక్కకి తిప్పుకుంటాడు. అందుకే అతని చెంపల్లో కుడిది ఎక్కువ నల్లబడింది.

లాండ్రీలో అతన్ని అందరూ ‘పెట్ట’ అంటారు. కోడిపెట్ట. పేరు తెచ్చిపెట్టింది మిరప గింజలు. ఏటా చలి తగ్గుముఖం పట్టేసరికి అతను గింజల్ని తడిగుడ్డలో మూటగట్టి, మూటని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బనియను కింద నడుముకి కట్టుకుని పనికి వస్తాడు. మిరప గింజకి వెచ్చదనం కావాలి. చల్లటి మట్టిలో వేస్తే అలిగి పడుకుంటుంది. ఒంటి వేడికైతే వారం పది రోజుల్లో తెల్ల ముక్కు బయటపెడుతుంది. మడతలు పెట్టే ఆవిడ ఆ ఎత్తు చూసి, “ఎన్నో నెల?” అని అడిగేది. నెలలు నిండాయని, నొప్పులు రావడమే తరువాయి అని అతను జవాబు చెప్పేవాడు. అవతలివాళ్లు నవ్వేలోగా తనే నవ్వెయ్యడం అతనికి అలవాటు. అక్క ఇంట్లో ఉండే తమ్ముడికి ఆ అలవాటు లేకపోతే రోజు గడవదు.

పెళ్లి వద్దని అతను ఎప్పుడూ అనుకోలేదు. ఒక సంబంధం చేతిదాకా వచ్చి తప్పిపోయింది. తర్వాత అక్కకి ఒంట్లో బాగోలేదు. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వంటింటి వెనక గదిలో నాలుగు రోజుల కోసం వేసిన మడత మంచం మళ్లీ మడవలేదు. బావ సిటీ బస్సు నడిపేవాడు. ఉండమని అనలేదు, పొమ్మనీ అనలేదు. కొత్త దుప్పటి కొన్నప్పుడల్లా మూడు కొన్నాడు.

ఆ బావకి కిందటేడు జ్వరం వచ్చింది. వదిలింది గానీ, పోతూ పోతూ నోటి రుచి పట్టుకుపోయింది. ఉప్పు తెలీదు, తీపి తెలీదు. అన్నం పెడితే సున్నం నమిలినట్టుందని కంచం జరిపేసేవాడు. చొక్కా భుజాలు జారిపోయాయి. రుచి వస్తే రావచ్చు, రాకపోతే లేదు, తిండి మాత్రం మానకూడదని డాక్టరు చెప్పాడు. చెప్పడం తేలికే.

ఒకరోజు అక్క విసుగెత్తి, డబ్బా అడుగున మిగిలిన ఒక్క ఎండుమిరపకాయ నలిపి ముద్దలో పెట్టింది. తమ్ముడు పెంచిన మొక్కల్లో చివరి కాయ అది. బావకి ఎక్కిళ్లు వచ్చాయి, నుదురు చెమర్చింది, ముక్కు కారింది. “తగిలింది రా” అన్నాడు. ఆ పూట కంచం ఖాళీ చేశాడు. బజారు నుంచి ఎన్ని రకాల మిరపకాయలు తెచ్చినా మళ్లీ అలా తగలలేదు. నలపగా కంచం అంచున రాలిన గింజల్ని తమ్ముడు అప్పుడే ఏరి దాచాడు. ఈ ఏడాది అతను నడుముకి కట్టుకున్నవి అవే. మడతలావిడ కూడా ఈసారి నెలల సంగతి అడగలేదు. మొలిచాయా అని మాత్రం అడిగింది.

మొలిచాయి. పెరుగు డబ్బాల్లో నాలుగాకులు వేశాక కుండీల్లోకి మార్చాడు. బావ కుర్చీ పక్కన కిటికీలో వరసగా పెట్టాడు. పూత వస్తే వేలితో మెల్లగా తట్టాడు, లోపల తుమ్మెదలు తిరగవు కాబట్టి. కాయలు ముదిరే వేళకి నీళ్లు ఆపేశాడు. అది ముఖ్యం. కడుపునిండా తాగిన మిరప పచ్చగా, నున్నగా ఉంటుంది, కారం మాత్రం ఎక్కదు. ఆకులు వాలేదాకా ఆగి అప్పుడు ఒక గుక్క పోస్తే, ఆ కక్షంతా కాయలో దాచుకుంటుంది. జాలిపడి పొయ్యొద్దని అక్కకి గట్టిగా చెప్పాడు.

ఆ రోజు పొద్దున మొదటి కాయ పండింది. మడతలావిడకి చూపించడానికి కోసి చొక్కా జేబులో పెట్టుకుందామనుకుని, లాండ్రీ వేడికి వాడిపోతుందని మొక్కకే ఉంచి వచ్చాడు. పనిలో ఉన్నంతసేపూ మనసు కిటికీ దగ్గరే ఉంది. ఒక హోటల్ వాళ్ల దిండు గలీబుని తిప్పకుండా ఒకే వైపు రెండుసార్లు ఇస్త్రీ చేశాడు. మడతలావిడ చూసి, కొరికి చూసుకోకుండా ఇంత ధీమా ఏమిటని అడిగింది. ఉన్నది ఒక్కటే, సగం తను తినేస్తే ఎట్లా అన్నాడు.

సాయంత్రం ముగ్గురూ కూర్చున్నారు. అక్క కంచంలో అన్నం పెట్టింది. అతను కాయ కోసుకొచ్చి కంచం అంచున పెట్టాడు. బావ దాన్ని అటూ ఇటూ దొర్లించాడు.

“బామ్మర్ది బతక్కోరతాడని సామెత. నువ్వేమిట్రా, నోట్లో నిప్పు పెడతానంటున్నావు.”

“ముందు తిను బావా. తర్వాత తిట్టు.”

బావ కొరికాడు. నమిలాడు. కళ్లు మూసుకుని “అబ్బో” అంటూ గ్లాసు అందుకున్నాడు. అక్క తమ్ముడి వంక చూసి నవ్వింది. తమ్ముడు నవ్వలేదు. బావకి నటన రాదు. టికెట్టు లేనివాణ్ణి కండక్టరు నిలదీస్తుంటే, ముందు డ్రైవరు మొహమే మాడిపోయేదని డిపోలో చెప్పుకునేవారు. నుదుటి మీద చెమట లేదు. ముక్కు కారలేదు.

మిగిలిన సగం తీసి అతను నోట్లో వేసుకున్నాడు. ఆకు తిన్నట్టుంది.

లేచి కిటికీ దగ్గరికి వెళ్లి కుండీలో వేలు గుచ్చాడు. తడి. పక్క కుండీలో గుచ్చాడు. తడే. అక్క వైపు తిరిగాడు. తను కాదని, దేని మీద ఒట్టు వెయ్యమన్నా వేస్తానని అక్క అంది.

“దాన్నెందుకు అడుగుతావు? పోసింది నేను,” అన్నాడు బావ. “మధ్యాహ్నం తలలు వాల్చేస్తున్నాయి రా. పక్కన కూర్చుని చూడమంటావా?”

“నీకు కారం తగలాలనే కదా బావా ఎండగట్టింది.”

“నా కోసమైతే పొయ్యి. ఈ ఇంట్లో ఎండటానికి నేనొక్కణ్ణి చాలు.”

అక్క పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లింది. కొళాయి తిప్పిన చప్పుడైంది. అతను వేలికంటిన మట్టిని కుండీ అంచుకి రాశాడు. ఆరు నెలలు మోసి పెంచినవి. ఇప్పటినుంచి ఆపినా మిగతా కాయల్లో కారం రావచ్చు. కుర్చీని ఇంకో గదిలోకి మారిస్తే సరిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెంబు తీసుకొచ్చి బావ ఎదురుగా కూర్చున్నాడు.

“సరే, ఇకనించి నేనే పోస్తా. నువ్వు ముద్ద తింటేనే పోస్తా. ముద్దకి ఒక కుండీ.”

బావ కుండీల వంక చూశాడు, కంచం వంక చూశాడు. “బేరం నేర్చావు,” అని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. సున్నమే. మింగాడు. ఇంకోటి కలిపాడు.

బేరం మిగతా ఏడంతా నడిచింది. లాండ్రీ నుంచి వచ్చి అతను చెంబు పట్టుకుని నిలబడేవాడు. తినలేని రోజు బావ మొక్కల వైపు చూసి, తిట్టుకుంటూ తినేవాడు. మొక్కలు విరగకాశాయి. ఒక్క కాయలోనూ కారం లేదు. అతను సంచీ నింపి తీసుకెళ్తే లాండ్రీలో పచ్చివే నమిలారు. పెట్ట ఈసారి దోసకాయలు పొదిగిందని మడతలావిడ అంది. అతనే ముందు నవ్వాడు.

మళ్లీ చలి మొదలైన రోజుల్లో, మధ్యాహ్నం పూట, బావ కిటికీ పక్కన కుర్చీలోనే పోయాడు. అక్క అన్నానికి పిలిస్తే పలకలేదు.

చుట్టాలు వెళ్లిపోయాక అతను మొక్కలకి నీళ్లు పోశాడు. గోడ వైపున్న కుండీలో ఒక కొమ్మ కాయల బరువుకి విరిగి ఉంది. పుల్ల కట్టి నిలబెడదామని ఆకులు తప్పించాడు. పుల్ల అప్పటికే ఉంది. విరిగిన చోట నల్లటి తాడు రెండు చుట్లు చుట్టి, పువ్వు ముడి వేసి ఉంది. అక్కని అడిగితే తనకి తెలీదంది.

అతను తలుపు వెనకాల చూశాడు. బావ డ్యూటీ బూట్లు రెండూ అక్కడే ఉన్నాయి. కుడిదానికి లేసు బిగించి ఉంది. ఎడమది నోరు తెరుచుకుని, ఖాళీ కన్నాలతో ఉంది.