ఎనిమిది వందల మిల్లీలీటర్లు

బుధవారం రిపోర్టు చూడగానే జ్యోతిర్మయికి అనుమానం వచ్చింది. బాపు దొంగచాటుగా నీళ్లు తాగుతున్నాడు.

సోడియం నూట పద్దెనిమిది. వారం కిందట నూట పందొమ్మిది. వారం పాటు నోరు పిడచకట్టుకుపోయేలా నీళ్లు ఆపితే, పెరగాల్సింది పోయి తగ్గింది. సోమవారానికి నూట పాతిక దాటితేనే కీమో మొదలుపెడతానన్నారు డాక్టర్ అమల. దాటకపోతే? ఆ మాటకు కంప్యూటర్ వైపు తిరిగారు.

ఆమె మొదటి రోజే విడమర్చి చెప్పారు. తిండిలో ఉప్పు తక్కువై వచ్చింది కాదిది. ఊపిరితిత్తిలోని గడ్డ ఒక హార్మోన్‌ను అదే పనిగా వదులుతోంది. మూత్రంలో పోవాల్సిన నీళ్లను అది ఒంట్లోనే ఆపేస్తుంది. రక్తం పలచబడి సోడియం పడిపోతుంది. ఆసుపత్రిలో గాఢమైన ఉప్పు సెలైన్ ఎక్కిస్తే రెండు రోజులు పెరిగి మళ్లీ పడిపోయింది. ఇక మిగిలింది నీళ్ల కట్టడి. చాయ్, చారు, నీళ్లు అన్నీ కలిపి రోజుకు ఎనిమిది వందల మిల్లీలీటర్లు.

కొలవడానికి ఇంట్లో గాజు కొలజాడీ ఉంది. బాపు గట్టయ్య యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఏళ్లు అటెండరు. రిటైరైన రోజు స్టూడెంట్లు శాలువాతో పాటు అది చేతిలో పెట్టారు. పొద్దున్నే కూతురు అందులో నీళ్లు పోస్తుంటే ఆయన వంగి, గీతకు సమంగా కన్ను పెట్టి చూసేవాడు.

"నీళ్లు నడుమల కిందికి గుంజుకుంటయి బిడ్డా. పై అంచు కాదు, కింది అంచు జూడాలె."

అలాంటి మనిషి కొలత తప్పుతాడా?

గురువారం పొద్దున ఆయన వాకింగ్‌కు బయలుదేరగానే, చున్నీ ముఖానికి చుట్టుకుని వెనకాలే నడిచింది. తార్నాక సందు దాటి, మెట్రో లైను కింద నుంచి క్యాంపస్‌లోకి. ఆయన తూలుతున్నాడు. ముప్పై ఏళ్లు నడిచిన దారిలో రెండుసార్లు ఎటు పోవాలో తెలియక ఆగాడు. ల్యాబు వెనక సిమెంటు బెంచీ మీద దానియేలు కూర్చుని ఉన్నాడు. అదే డిపార్టుమెంటులో గుమాస్తాగా చేసిన గుంటూరు మనిషి, బాపుకు ప్రాణ స్నేహితుడు. పక్కన స్టీలు ఫ్లాస్కు.

"తాగవయ్యా గట్టయ్యా. ఉప్పు దండిగా వేయించాను. మా ఆవిడ మేరీ అల్లం కూడా దంచి వేసింది."

మూడో గ్లాసు మజ్జిగ నోటి దగ్గర ఉండగా జ్యోతిర్మయి ఎదుటికి వచ్చింది.

"ఎన్ని రోజుల సంది నడుస్తుందంకుల్ ఇది?"

దానియేలు తడబడ్డాడు. "నువ్వే కదమ్మా ఫోన్లో చెప్పావు, సోడియం పడిపోయిందని. సోడియమంటే ఉప్పేగా? వట్టి ఉప్పు తినలేడని మజ్జిగలో... రోజూ ప్రార్థన చేసి మరీ తెస్తున్నానమ్మా."

"ఆయనకు తెల్వదు. నీకు తెల్సు గదా బాపూ!"

గట్టయ్య నవ్వాడు. "నాకు తెల్వకేంది? సోడియం ముక్కల్ని ముప్పై ఏండ్లు కిరోసిన్ల దాచిన. నీళ్లు తాకితె భగ్గుమంటది."

"మరెందుకు తాగినవ్?"

ఆయన దాహంగా గ్లాసు కేసి చూశాడు. "దూపయితుంది బిడ్డా."

దానియేలు ఆ గ్లాసు లాక్కుని మట్టిలో పారబోశాడు.

దొంగ దొరికాడు. ఇక అంకె పెరిగి తీరాలి. ఆ రోజు నుంచి దానియేలు గట్టయ్య వాళ్ల తార్నాక ఇంట్లోనే పొద్దంతా కాపలా కూర్చున్నాడు. తానూ చుక్క నీళ్లు ముట్టనన్నాడు.

"దానేలు సార్, నీకు షుగరున్నది. నువ్వు పడితె మొయ్యనీకి నాకు సత్తువ లేదు. తాగు."

ఆ మాట తర్వాత గట్టయ్య తెలివి మసకబారింది. శనివారం నాటికి, ఎదుట లేని స్టూడెంట్లను పేరు పెట్టి పిలిచి, బీకర్లు కడగమని కేకలేశాడు. ఆదివారం కడిగి బోర్లించిన గ్లాసు తీసి, దాని తడి నాకుతూ కనిపించాడు. జ్యోతిర్మయి అది కూడా లాక్కుంది.

సోమవారం నూట పదిహేడు.

"మజ్జిగ వల్లేనా మేడం?" డాక్టర్ అమలను అడిగింది జ్యోతిర్మయి.

"మజ్జిగ తోడైంది. కానీ నాలుగు రోజులుగా అది లేదు కదమ్మా. గడ్డ లివర్‌కూ పాకింది. వేరే మాత్ర ఉంది కానీ ఆ లివర్‌తో ఇవ్వలేను. ఈ పరిస్థితిలో కీమో పెడితే కీమోయే చంపుతుంది."

"మరి నీళ్లు?"

"ఇక కొలవకండి. అడిగినంత ఇవ్వండి."

బయట దానియేలు లేచి నిలబడ్డాడు. "నా వల్లేనా అమ్మా?"

"కాదంకుల్."

అది నిజమే. ఆయన వల్లే అయి ఉంటే, ఆపడానికి ఏదో ఒకటి మిగిలి ఉండేది.

ఇంటికి రాగానే కొలజాడీ తీసి నీళ్లు పోయడం మొదలుపెట్టింది. చేతికి అలవాటై దాన్నే తీసింది. గట్టయ్య మంచం మీద నుంచే వంగి, గీతకు సమంగా కన్ను పెట్టాడు.

"గీత దాటింది బిడ్డా."

"దాటనీ బాపూ."

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. శనివారం నుంచి లేని తేట ఆ కళ్లలో ఒక్క క్షణం కనిపించింది.

"ఇయ్యాల సోమవారమా?"

ఆమె తల ఊపి, గ్లాసు నింపి ఇచ్చింది.

గట్టయ్య రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, కిందికి దించకుండా తాగాడు.