తలుపు ఇవతలి మాట

ఆదివారం ఉదయం రంగుల కొట్టు షట్టరు సగమే లేస్తుంది. ఆ కొట్టు పైనున్న అద్దె హాల్లో ఆరాధన జరుగుతుంది. పైకి వెళ్ళాలంటే పక్కనున్న సిమెంటు మెట్లే దిక్కు. ఆ మెట్లు మనిషిని బట్టి ఉంటాయి. మనసు బాగున్నవాడికి పట్టుమని పది కూడా ఉండవు. దిగులుతో వచ్చినవాడికి ఎక్కేకొద్దీ ఇంకా వస్తూనే ఉంటాయి. సంఘంలో ఎవరూ దీన్ని గురించి పెద్దగా మాట్లాడుకోరు. పరీక్ష తప్పిన పిల్లలు ఇంటి దగ్గర కాస్త ముందుగా బయలుదేరతారు, అంతే. మెట్లు ఊడ్చే ఆవిడ మాత్రం, ఇంట్లో గొడవైన రోజున తనకు పని రెట్టింపవుతోందనీ, జీతం అలా పెరగడం లేదనీ పాస్టరుగారి దగ్గర గొణుగుతూ ఉంటుంది.

దిగేటప్పుడు మాత్రం అవి ఎవరికైనా కొన్నే. అందుకే వెనక్కి వెళ్ళిపోవడం అంత సులువు.

ఊళ్ళో అందరినీ మీట నొక్కితే పైకి చేర్చే లిఫ్టు మెకానిక్, ఈ మెట్ల మీద సగంలోనే చతికిలబడుతున్నాడు. ఆయన భార్య పోయి ఏడాది దాటింది. బతికుండగా ఆమె అందరికంటే ముందొచ్చి హాలు తాళం తీసి, ఫ్యాన్లు వేసి, మళ్ళీ కిందికి దిగి మెట్ల మీద కూర్చునేది. ఎవరైనా మధ్యలో ఆగిపోతే పక్కన చేరి, ఏదో మాట్లాడుతూ పైదాకా తోడు నడిచేది. ఏం మాట్లాడేదో ఆయన ఎప్పుడూ వినలేదు. అప్పట్లో ఆయనకు మెట్లు కొన్నే. గబగబా ఎక్కేసి ఫ్యాను కింద చోటు చూసుకునేవాడు.

ఆమె పోయాక మొదట్లో ప్రసంగం వేళకు చేరేవాడు. తర్వాత ముగింపు ప్రార్థనకు. ఆ తర్వాత, దిగి వచ్చే జనమే ఎదురుపడడం మొదలైంది. ఇప్పుడు పాట వినిపించే చోటుదాకా వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుండిపోతున్నాడు. చరణం చివర అందరూ ఆపేశాక కూడా ఆమె ఒక్కతే ఆఖరి అక్షరాన్ని కాస్త సాగదీసేది. దాని మీద ఇంట్లో ఆయన ఆడని వేళాకోళం లేదు. ఇప్పుడు ప్రతి చరణం చివరా ఊపిరి బిగబట్టి ఆ సాగదీత కోసం వింటాడు. రాదు. రాదని తెలుసు. తెలిసీ వచ్చే వారం మళ్ళీ అక్కడికే వస్తాడు.

సంఘంవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఆయన్ని దాటుకుంటూ వెళ్ళేటప్పుడు అందరూ ఏదో ఒక మంచిమాట అంటారు. సంఘపెద్ద అయితే మరీనూ. ఆ పెద్దమనిషికి మెట్లు ఏనాడూ ఎక్కువ కాలేదు. "ధైర్యం తెచ్చుకో తమ్ముడూ, ఆమె ప్రభువు దగ్గర హాయిగా ఉంది" అని ఆగకుండానే అనేసి, మాట పూర్తయ్యేలోపే తలుపు దాటిపోయేవాడు. మాట మంచిదే. మెట్టు మాత్రం ఒక్కటీ తగ్గేది కాదు.

ఆ ఆదివారం మెకానిక్ హాలు తాళంచెవి జేబులో వేసుకుని వచ్చాడు. భార్య దగ్గరే ఉండిపోయిన తాళంచెవి అది. ఎవరి చేతనైనా దాన్ని పాస్టరుగారికి పంపేసి, ఇక ఈ మెట్ల జోలికి రాకూడదనుకున్నాడు. ఇంట్లో ప్రార్థన మానేసి చాలా రోజులైంది. ఇది కూడా వదిలేస్తే అన్నీ వదిలేసినట్టే. ఆ సంగతి ఆయనకు తెలుసు.

రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన నర్సు కింద కనిపించింది. సంఘంలో చిన్నప్పటినుంచీ తెలిసిన పిల్లే.

"అమ్మా, ఈ తాళంచెవి పాస్టరుగారికి ఇచ్చేస్తావా?"

"నేనూ పైకి వెళ్ళట్లేదు బాబాయ్" అంటూ ఆమె కింది మెట్టు మీదే కూలబడింది. "ఎంతసేపు ఎక్కినా తలుపు రాలేదు, దిగొచ్చేశాను. ఇక నా వల్ల కాదు."

"ఏమైంది?"

"వార్డులో ఒక చిన్నపిల్ల. తగ్గిపోతుంది, ప్రార్థన చేస్తున్నానని వాళ్ళమ్మకి నేనే చెప్పాను. తెల్లారేసరికి పోయింది. ఆవిడ నన్నేం అనలేదు బాబాయ్. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు పైకెళ్ళి ఏ నోటితో పాడమంటారు?"

సంఘపెద్ద మాటలే మెకానిక్ నాలుక చివరిదాకా వచ్చాయి. వాటి సత్తా ఏపాటిదో తెలిసినవాడు కాబట్టి మింగేశాడు. ఆమె మోకాళ్ళలో ముఖం దాచుకుంది. అలా కూర్చున్నవాళ్ళను ఆయన చాలామందిని చూశాడు, లిఫ్టు తలుపుల సందులోంచి టార్చి వేసి. లిఫ్టు ఆగిపోయినప్పుడు పనిముట్లు తియ్యకముందే తలుపుకి నోరు ఆనించి మాట్లాడాలి. ఎంత పనిమంతుడైనా, మాట్లాడకుండా పని చేస్తే లోపలివాళ్ళు తమను వదిలేసి పోయారనుకుంటారు.

"నేను ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాడు పక్కన కూర్చుని, మూసిన తలుపుతో మాట్లాడే గొంతుతోనే. "ఎక్కడికీ పోను. ఊపిరి ఆడుతోందా? ఏమైనా తిన్నావా? కాళ్ళు చాపుకో. ఎంతసేపు పడితే అంతసేపు పట్టనీ."

నర్సు తలెత్తి చూసింది. "అచ్చం పిన్ని మాటలే."

"మీ పిన్నివేంటి? లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో నేననేవి ఇవి."

"తెలుసు బాబాయ్. పిన్నే చెప్పేది. 'నాకు వాక్యాలు నోటికి రావే. మా ఆయన తలుపు తెరిచేముందు లోపలివాళ్ళతో మాట్లాడతాడు. అది వినే నేర్చుకున్నాను' అనేది. మెట్ల మీద ఆగినవాళ్ళందరికీ చెప్పేది. మీకు చెప్పలేదా?"

"లేదు."

ఎప్పుడో భోజనం దగ్గర ఆ లిఫ్టు తలుపుల సంగతి తనే భార్యకు చెప్పినట్టు లీలగా గుర్తుంది. ఆమె "ఇంకాస్త వడ్డించనా" అందే తప్ప ఇంకేం అనలేదు. ఇంట్లో భక్తి అంతా ఆమెదే, తాను వెనకాల నడిచి వస్తున్నవాడిననే ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నాడు. కళ్ళు నిండిపోయాయి. వాటితోపాటు కోపమూ వచ్చింది. ఒక్కసారి తనకీ చెప్పి ఉండకూడదా?

"ఇంకా ఏమనేది?" అని అడిగాడు.

నర్సు ముఖం తుడుచుకుని చెప్పసాగింది. చప్పుడు చెయ్యకుండా చెప్పులు విప్పడం ఆయనకు రాదనేది. కోపమొస్తే స్టూలెక్కి బల్బులు తుడుస్తాడనేది. వింటూ ఆయన లేచాడు, చెబుతూ ఆమె లేచింది, మాటల్లోనే ఇద్దరి అడుగులూ పైకి పడ్డాయి.

"మీ గురక గురించి కూడా..."

"అదీ చెప్పిందా?" అంటుండగానే ఆయన కాలికి గడప తగిలింది.

లోపల అందరూ నిలబడి పాడుతున్నారు. నర్సు పెదవులు కదల్లేదు. కానీ వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడింది. పక్కనున్న ముసలామె ఏమీ అడక్కుండా ఆమె చెయ్యి పట్టుకుంది. చరణం చివర అందరూ ఆపారు. మెకానిక్ ఊపిరి బిగబట్టి విన్నాడు. రాలేదు. మెట్లు తరిగినా ఆ లోటు తరిగేది కాదని అర్థమైంది. అయినా ఇంత దగ్గర నుంచి వినాలనే ఏడాదిగా ఆయన తపించాడు.

ముందు వరసలో సంఘపెద్ద కుర్చీ ఖాళీగా ఉంది. అది ఎప్పుడూ ఖాళీగా ఉండదు. మెకానిక్ గడప దాటి బయటికి వచ్చి కిందికి చూశాడు. పెద్దమనిషి బైబిలు సంచి నేల మీద పెట్టేసి, కమ్మీ పట్టుకుని, మొదటి మెట్టు మీద ఒక కాలు వేసి పైకి చూస్తున్నాడు. తలుపు అంత దగ్గర్లో ఉన్నా ఆయనకు కనబడుతున్నట్టు లేదు.

వెనక తర్వాతి చరణం ఎత్తుకున్నారు. మెకానిక్ జేబు తడుముకున్నాడు. తాళంచెవి ఉంది. దాన్ని అక్కడే ఉండనిచ్చాడు.

"నేను ఇక్కడే ఉన్నాను అన్నయ్యా" అన్నాడు, ఇంకా ఒక్క మెట్టూ దిగకముందే.