గొంతు బాగలేదు బిడ్డా

రాఘవేందర్‌కు పాడాలని ఉంది. ఈ ముక్క ఆయన తన నోటితో ఎవరికీ చెప్పడు, చచ్చినా చెప్పడు. కరెంటాఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, మల్కాజ్‌గిరిలో సొంతిల్లు ఉంది, బీపీ అదుపులోనే ఉంది. ఇంకా తీరని కోరిక ఏదైనా మిగిలిందంటే అది నలుగురి ముందు కూర్చుని ఒక్క పాట పాడటమే. తను స్నానాల గదిలో పాడుతుంటే పక్కింటివాళ్లు టీవీ సౌండు తగ్గించి వింటారని ఆయన నమ్మకం. పెంచుతారేమోనని ఆయన భార్య స్వర్ణలతకు అనుమానం.

సికింద్రాబాద్‌లో ఒక పాత చర్చి ఉంది. దాని వెనక ఖాళీగా పడి ఉన్న సండే స్కూలు హాలును చర్చివాళ్లు ఆర్ట్స్ కేఫ్‌గా మారుస్తున్నారు. ఏ మతంవాళ్లయినా రావచ్చు, చాయ్ తాగుతూ పాడుకోవచ్చు, బొమ్మలు వేసుకోవచ్చు. పనికి మనుషులు కావాలట. ఈ కబురు చెవిన పడిన మర్నాడే రాఘవేందర్ వాలంటీరుగా చేరిపోయాడు.

"సమాజ సేవ," అన్నాడు భార్యతో, గంభీరంగా.

"మంచిదే. ఆ కూనిరాగం ఆపి తినుండ్రి, అన్నం చల్లారుతుంది," అంది స్వర్ణలత.

కేఫ్ పనంతా గ్లోరియా అనే అమ్మాయి చేతిలో ఉంది. చర్చి పాస్టరుగారిని అందరూ అయ్యగారు అంటారు; ఆయన హాలు తాళాలు ఆమెకిచ్చి నిశ్చింతగా కూర్చున్నాడు. గ్లోరియా ఒక పెద్ద కంపెనీలో హెచ్‌ఆర్. ఎవరైనా ఒకసారి వద్దంటే రెండోసారి అడగకూడదని అక్కడ ఉద్యోగులకు క్లాసులు చెప్తుంది. మనిషి బంగారం. కాకపోతే క్లాసులో చెప్పేది తను కూడా నమ్ముతుంది, అదొక్కటే చిక్కు.

మొదటి రోజు కుర్చీలు తుడుస్తూ రాఘవేందర్ చిన్నగా ఒక పాత పాట అందుకున్నాడు. చిన్నగా అంటే, గది అవతల ఉన్న గ్లోరియాకు వినబడేంత చిన్నగా.

"అంకుల్! మీరు పాడతారా? ఓపెనింగ్ రోజు పాడండి, ప్లీజ్!"

ఆయన గుండె ఒక్క గంతు వేసింది. చూపు మాత్రం కుర్చీ మీద నుంచి ఎత్తలేదు. "ఎక్కడి పాట బిడ్డా. గొంతు జెర బాగలేదు," అన్నాడు.

ఇందులో ఆయన తప్పేం లేదు. మర్యాద తెలిసిన మనిషి ఎవడూ మన దగ్గర మొదటిసారి అడిగితే పాడడు. గొంతు బాగాలేదంటాడు. రెండోసారి అడిగితే ప్రాక్టీసు పోయిందంటాడు. మూడోసారి ఎవరో చెయ్యి పట్టుకుని లాగాలి, ఆయన ఆ చేతిని వదిలించుకోబోయినట్టు నటిస్తూ లేవాలి. అడగ్గానే లేచి పాడేశాడంటే ఇంటి దగ్గర్నుంచే సిద్ధమై వచ్చాడనుకోరూ?

"అయ్యో, సారీ అంకుల్! గొంతుకి రెస్ట్ ఇవ్వండి. ఇంక మిమ్మల్ని అడగనే అడగను," అంది గ్లోరియా. అన్నమాట నిలబెట్టుకుంది కూడా.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాటి నుంచి దుమ్ము పనులేవీ ఆయనకు చెప్పలేదు. ఆయన నోరు తెరిస్తే చాలు, "మాట్లాడకండంకుల్, స్ట్రెయిన్ అవుతుంది" అనేది. మిగతా వాలంటీర్లు కూడా ఆయన దగ్గరికొచ్చి గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టారు. గ్లోరియా స్వర్ణలత నంబరు సంపాదించి ఆమెకు ఫోను కూడా చేసింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి టీపాయ్ మీద మిరియాల కషాయం పొగలు కక్కుతోంది.

"ఇదేందీ?"

"గొంతు బాగలేదంట గదా. పాపం ఆ పిల్ల మస్తు పరేషాన్ అయితుంది. తాగుండ్రి."

బాగానే ఉందంటే మరి ఎందుకు పాడనన్నారని అడుగుతుంది. రాఘవేందర్ కషాయం తాగాడు. రోజూ తాగాడు. స్వర్ణలత రోజురోజుకీ మిరియాలు పెంచింది.

ఓపెనింగ్ రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. చాయ్ కౌంటరు దగ్గర స్వర్ణలత కూడా చెయ్యి వేసింది. అయ్యగారు క్లుప్తంగా ప్రార్థన చేసి కూర్చున్నాడు. గ్లోరియా మైకు ముందుకొచ్చి, "ఎవరైనా పాడొచ్చు. ఎవర్నీ బలవంతం చెయ్యం!" అని నవ్వుతూ పక్కకు తప్పుకుంది.

ఎవరూ లేవలేదు. కీబోర్డు సంచి ఒళ్లో పెట్టుకున్న ఆవిడ సీలింగ్ ఫ్యాను వైపు చూసింది. ఇంటి నుంచి తబలా మోసుకొచ్చిన పెద్దమనిషి వేళ్లు నొప్పులన్నాడు. గ్లోరియా వరసలన్నీ తిరిగి ఒక్కొక్కరినీ ఒక్కొక్కసారి అడిగింది. అందరూ నాకేం వచ్చమ్మా అన్నారు, ఆమె అందరికీ థాంక్స్ చెప్పి ముందుకు కదిలింది. చివరికి రాఘవేందర్ పక్కకొచ్చి నిలబడేసరికి ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

"ఎవరికీ ఇంట్రెస్ట్ లేదంకుల్. హాలుకి మళ్లీ తాళమేసుకోమని అయ్యగారికి నేనే చెప్పాలి."

రాఘవేందర్ ఆమె వైపు చూడటం లేదు. మూడో వరసలో కూర్చున్న వరహాలు వైపు చూస్తున్నాడు. వరహాలుది శ్రీకాకుళం వైపు ఊరు, బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి కాప్రాలో ఇల్లు కట్టుకున్నాడు. ఈ హాలు గోడలకు రంగులు వేసింది ఆయనే. చిన్నప్పుడు నాటకాల్లో పద్యాలు పాడేవాడట. ఈరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడకు పౌడరు రాసుకుని వచ్చాడు. గ్లోరియా తనని దాటి వెళ్లిపోయినప్పటి నుంచీ ఆయన మొహం చిన్నబోయి ఉంది. ఆ మొహం రాఘవేందర్‌కు బాగా తెలుసు. రోజూ అద్దంలో చూస్తున్నదే.

గబగబా వెళ్లి వరహాలు చెయ్యి పట్టుకున్నాడు. "లెవ్వుండ్రి సార్, ఒక్క పద్యం."

"నానేటి బాబూ, ఎప్పుడో మర్సిపోనాను."

"గట్లనే అంటరు. లెవ్వుండ్రి."

"ఒద్దు బాబూ, నలుగురూ నవ్విపోతారు."

రాఘవేందర్ గట్టిగా లాగాడు. వరహాలు దూదిలా లేచాడు. పద్యం ఎత్తుకుని ఆఖర్న రాగం తీస్తే కిటికీ అద్దాలు గలగలమన్నాయి. హాలు మొత్తం చప్పట్లు. ఆయన మైకు దగ్గర్నుంచి వచ్చి, "ఇప్పుడు మీరు బాబూ!" అంటూ రాఘవేందర్ చెయ్యి అందుకోబోయాడు.

ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న చెయ్యి అది. ఈలోగా గ్లోరియా పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది. "వద్దంకుల్, ప్లీజ్! ఆయన గొంతు బాగాలేదు. ఫోర్స్ చెయ్యొద్దు!"

వరహాలు నొచ్చుకుని వెళ్లి కూర్చున్నాడు. లాగేవాళ్లు ఇక ఎవరూ లేరు. కౌంటరు దగ్గర స్వర్ణలత సాసరు తుడవటం ఆపి మొగుడి వైపే చూస్తోంది.

"నా గొంతు మంచిగనే ఉంది బిడ్డా," అన్నాడు రాఘవేందర్. చెవులు వేడెక్కిపోయాయి. "మొదటి నుంచి మంచిగనే ఉన్నది. నాకు పాడాలని ఉంది."

సిగ్గుతో మొదటి లైను పట్టు తప్పింది. రెండో లైనుకు దారిలో పడ్డాడు. చరణంలోకి వచ్చేసరికి నొప్పి వేళ్ల పెద్దమనిషి తబలా మీద చెయ్యి వేశాడు. కీబోర్డు ఆవిడ సంచి జిప్పు లాగింది. ఆ తర్వాత మైకు కోసం చిన్నపాటి తోపులాటే జరిగింది.

"అంటే రెండోసారి కూడా అడగాలా అంకుల్?" అంది గ్లోరియా, ఇంకా తేరుకోకుండానే.

"మూడుసార్లు అడగాలె బిడ్డా. మూడోసారి చెయ్యి పట్టి గుంజాలె."

"మరి నిజంగానే వద్దనుకునేవాళ్లు?"

ఆయన ఆలోచించాడు. "వాళ్లు చెయ్యి వెనక్కి గుంజుకుంటరు. తెలిసిపోతది."

స్టేషన్లో లోకల్ కోసం మొగుడూపెళ్లాలు బెంచీ మీద కూర్చున్నారు.

"మొదటి లైన్ల తప్పిండ్రు," అంది స్వర్ణలత.

"గొంతు మంచిగున్నదని నీకు ఎరుకే గదా. గన్ని రోజులు ఆ కషాయం ఎందుకు తాపినవ్?"

"మీరే చెప్తరేమో అని చూసిన," అంది స్వర్ణలత. "పెండ్లైన కొత్తల మా అమ్మగారింట్ల అడిగిన, యాదికున్నదా? గొంతు బాగలేదన్నరు. నిజమే అనుకున్న. మళ్ల అడగలే."

రాఘవేందర్‌కు యాదికి ఉంది. రెండోసారి అడుగుతుందని ఆ రాత్రి చాలాసేపు చూశాడు, తర్వాత ఏళ్ల తరబడి చూశాడు. అడగనిది ఇష్టం లేకనే అనుకున్నాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి ఇన్నేళ్లు ఎంత పిచ్చిగా గడిపారో తలచుకుంటే ఆయనకు నవ్వు రాలేదు, బాధేసింది.

"ఇప్పుడు అడుగుతున్న," అంది స్వర్ణలత. "ఒకటి పాడుండ్రి. నాకు."

అలవాటుగా నోట్లోకి వచ్చిన మాటను ఆయన మింగేశాడు. ప్లాట్‌ఫారం మీద జనం ఉన్నారు. ఉండనీ అనుకుని, సన్నగా ఆమెకు వినబడేంత మటుకే అందుకున్నాడు.

పల్లవి అయ్యేలోగా లోకల్ వచ్చి ఆగింది. ఇది తప్పితే మళ్లీ చాలాసేపు కూర్చోవాల్సిందే. ఆయన పాట ఆపి గబుక్కున లేవబోయాడు.

స్వర్ణలత ఆయన చెయ్యి పట్టి గుంజి కూర్చోబెట్టింది.

"ఇది పోనియ్యుండ్రి," అంది. "ఇంకోటొస్తది."