ఆరుగంటల మోటారు

మా ఆయన ఉమాశంకర్ కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. ఆఫీసులో ఆయన కనుసైగ చేస్తే ఫైళ్లు కదులుతాయట. నేను చూడలేదు. నేను చూసిందల్లా ఫరీదాబాద్‌లో మా ఇంటి ముందు, నడుముకు తువ్వాలు చుట్టుకుని, లాన్‌లో బోర్లా పడుకుని, నేలలోంచి లేవని స్ప్రింక్లర్‌ను బతిమాలుతున్న మనిషిని.

ఆ స్ప్రింక్లర్లు ఆయన స్వహస్తాలతో వేసుకున్నవే. సెలవు రోజుల్లో మన్ను తవ్వి, పైపులు పాతి, గడ్డిలో అక్కడక్కడా నాజిళ్లు బిగించారు. పొద్దున ఆరింటికి టైమర్ మోటారును ఆన్ చేస్తుంది. నీటి జోరుకు నాజిళ్లు నేలలోంచి తలెత్తి, గుండ్రంగా తిరుగుతూ చల్లాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మోటారు వేసి చూస్తే అన్నీ బుద్ధిగా లేచేవి. తెల్లవారి ఆరింటికి మాత్రం ఒక్కటీ లేచేది కాదు. మోటారు తిరుగుతూనే ఉండేది, నాజిళ్ల చుట్టూ కాసిని నీళ్లు ఊరి బురదయ్యేది, అంతే.

ఇక మొదలైంది పరిశోధన. ఫిల్టర్ విప్పి కడిగారు. నాజిళ్లు ఊడదీసి, నా పిన్నీసుతో ఇసుక తీశారు. పైపు ఎక్కడైనా కారుతోందేమోనని చేసిన తవ్వకమే మళ్లీ చేశారు. ప్లంబర్‌ను పిలిస్తే అతను తీరిగ్గా సాయంత్రం వచ్చి, చక్కగా చిమ్ముతున్న నీళ్లు చూసి, "సబ్ ఠీక్ హై సాబ్, దిక్కత్ క్యా హై?" అని, బాగున్నదానికి బాగుచేతేమిటన్నట్టు ఈయన వంక జాలిగా చూసి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ నేల మీద నాకు మొదటి నుంచీ కన్నుంది. మాది గుంటూరు జిల్లా. ఇక్కడ గోంగూర కావాలంటే బస్సెక్కి ఢిల్లీ దాకా పోయి, వాడిపోయిన కట్ట తెచ్చుకోవాలి. ఇంటి ముందు అంత చోటు పెట్టుకుని, ఆవు లేని ఇంట్లో గడ్డి పెంచడమేమిటి?

"ఆదివారం పొద్దుటికి మీ స్ప్రింక్లర్లు లేవకపోతే గడ్డి తవ్వించి గోంగూర వేస్తాను. మాలీని రమ్మని చెప్పేశాను," అన్నాను.

"లేస్తే?"

"ఇంకెప్పుడూ గోంగూర మాటెత్తను."

"ఠీక్ హై. మాట మీద నిలబడాల మల్ల, గౌరీ," అన్నారు. ఆయన నోట అనంతపురం వచ్చిందంటే పౌరుషం వచ్చిందన్నమాట.

మా అత్తగారు అన్నపూర్ణేశ్వరమ్మ ఆ మధ్యే అనంతపురం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్నారు. ఈ పందెం విని, "గడ్డికి మోటారు పెట్టి నీల్లు పోస్తారంటనే ఈడ!" అని ముక్కున వేలేసుకున్నారు. సాయంత్రాలు ఆవిడ లోపల సీరియల్ చూస్తుంటారు కనక నాజిళ్లు చిమ్మడం ఒక్కసారి కూడా చూడలేదు.

రోజూ ఆరింటికి నేను పాల బూత్ దగ్గర క్యూలో ఉంటాను. ఆ ఆదివారానికి మాత్రం పాలు ముందు రోజే తెచ్చిపెట్టుకున్నాను. గెలుపు కళ్లారా చూసుకోవాలి కదా! ఆరైంది. మోటారు గుర్రుమంది. నాజిళ్లు లేవలేదు. మాలీ రాంఫల్ పార భుజాన వేసుకుని గేటు తీసుకుని వచ్చాడు. నేను విత్తనాల పొట్లం కోసం హుషారుగా పెరట్లోకి వెళ్లాను.

పెరట్లో మా అత్తగారు కొలువు తీరి ఉన్నారు. రెండు కొళాయిలూ బార్లా తెరిచి ఉన్నాయి. చింతపండుతో తళతళా తోమిన బిందెలు, గంగాళం, బకెట్లు, ఆఖరికి నా ప్రెషర్ కుక్కర్ కూడా వరస కట్టి ఉన్నాయి.

"ఏం చేస్తున్నారత్తమ్మా?"

"నీల్లు పడతాండా, కనపల్లేదా? మోటారు సప్పుడు ఇనపడంగానే పట్టుకోవాల. మల్ల యెప్పుడొస్తాయో ఏమో!"

"మరి నిన్న పట్టినవి?"

"నిన్నటివి పాసి నీల్లు గదే! పారబోస్తి. దినామూ అంతే గదా."

నాకు అంతా అర్థమైపోయింది. ఆ కొళాయిలకూ లాన్ పైపుకూ ఒకటే మోటారు. నీటి జోరంతా బిందెల్లోకి పోతుంటే నాజిళ్లు ఏ బలంతో లేస్తాయి? సాయంత్రానికి బిందెలన్నీ నిండుగా ఉంటాయి కాబట్టి ఆవిడ కొళాయి జోలికి పోరు. అందుకే అప్పుడు లేచేవి.

ఇంకాసేపు నోరు మూసుకుంటే చాలు, నేల నాదే. పొట్లం పట్టుకుని ముందుకు వచ్చాను. ఆయన తడిమట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, ఒక నాజిల్‌ను వేళ్లతో పైకి లాగుతూ, "ఏక్ మినట్ భయ్యా, బస్ ఏక్ మినట్," అని మాలీని బతిమాలుతున్నారు. ఆయన గొంతు అంత చిన్నబోవడం నేనెప్పుడూ వినలేదు. గెలుపు ఇంత చప్పగా ఉంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది. విసవిసా వెనక్కి వెళ్లి కొళాయిలు రెండూ కట్టేశాను.

"బిందె నిండలేదే!"

"తర్వాత నింపుకుందురు. ముందు నాతో రండి," అని అత్తగారి చెయ్యి పట్టుకుని బయల్దేరాను.

మేము ఇంటి మలుపు తిరిగేసరికి బుస్సుమని నాజిళ్లన్నీ ఒక్కసారే లేచాయి. ఆయన పట్టుకున్నది నేరుగా ఆయన ముఖానే కొట్టింది. రాంఫల్ పార వదిలేసి గేటు దాకా పరిగెత్తాడు. "లేచింది! గౌరీ, లేచింది!" అని ఆ అండర్ సెక్రటరీ నీళ్లలో గంతులేస్తుంటే నాకు నవ్వాగలేదు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. కొడుకునే చూస్తూ మెల్లగా అన్నారు: "వీడు సిన్నప్పుడు పొద్దున్నే వీధి కొళాయి కాడి నుంచి బిందె మోసుకొచ్చేటోడు. ఒగ దినం జారి పడె. మోకాలు సీరుకపోయి నెత్తురు కారతాంటే సూసుకోలే. బురదలోంచి దోసిట్లో నీల్లెత్తి బిందెలో పోస్తా కూసున్న్యాడు. నేను పోయి సంకనెత్తుకోని వస్తి."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఈ మాట నాతో అనలేదు. నీళ్లు వాటంతటవే లేచి చిమ్మడం ఈ మనిషికి ఎందుకంత కావాలో అప్పుడు తెలిసింది. "ఆజ్ ఖుదాయీ నహీ, భయ్యా," అని, ఇవాళ తవ్వకం లేదని చెప్పి రాంఫల్‌ను పంపించేశాను.

ఆయన తడిసి ముద్దై వచ్చారు. "ఓడిపోతివి గదా! ఇంగ గోంగూర మాట?"

"ఎత్తను," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కాస్త ఏడుపు కూడా వచ్చింది. "ఇంతకీ ఏం రిపేరు చేశారు?"

"నాజిల్ పట్టుకోని గట్టిగా లాగితి. లైనంతా క్లియరై పోయె."

నేను కొళాయిల సంగతి చెప్పకుండా విత్తనాల పొట్లం కొంగున ముడేసుకున్నాను. ఆయన తల్లి ముఖం చూసి కొంచెం తగ్గారు. "నీల్లు దండగంటావని తెలుసులేమ్మా, ఆపేస్తాండా," అంటూ స్విచ్ వైపు కదిలారు.

అత్తగారు ఆయన తడి చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆపొద్దురా, ఇంకొంచేపు ఆడనీ," అని, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, ఆ నీళ్ల కిందికి నడిచారు.