ఆనని భుజం

ఈ చాప కొన్నవాళ్లెవరో గానీ నా పొడవు ఊహించలేదు, మడమలు రెండూ బయటే ఉన్నాయి, గచ్చు చల్లగా తగులుతోంది, కళ్లు మూసుకోండి అంటోంది యోగా టీచరమ్మ, మూసుకున్నాను, ఒళ్లు నిద్రపోవాలి, మీరు మాత్రం మెలకువగా ఉండాలి అంటోంది, ఆ మాటేదో పక్క చాప మీదున్న మా అక్కకి చెప్పాలి, అర నిమిషానికే గుర్రు మొదలెట్టింది, ముప్పై ఎనిమిదేళ్లు ఆస్పత్రిలో నర్సుగా నిలబడిన మనిషి, ఎక్కడ నడుం వాలిస్తే అక్కడే నిద్ర, రేపే తన రిటైర్మెంటు సభ, నాతో మాట్లాడి తొమ్మిది రోజులు, మాటల్లేకపోయినా ఇద్దరం కలిసి చేరిన క్లాసు కదా, వచ్చి నా పక్కనే పడుకుంది, మనసులో ఒక సంకల్పం చెప్పుకోండి, చిన్న మాట, మూడుసార్లు, అంటోంది టీచరమ్మ, నా దగ్గర ఎప్పుడో సిద్ధంగా ఉంది, అక్క తన భుజం వంకరని ఒప్పుకోవాలి, అక్క తన భుజం వంకరని ఒప్పుకోవాలి, మూడోసారి ఇంకాస్త గట్టిగా.

కుడి చేతి బొటనవేలు, మనసుని అక్కడికి తీసుకెళ్లండి, తీసుకెళ్లాను, చూపుడువేలు, నడిమివేలు, ఇదిగో సూదిని నెట్టీ నెట్టీ కాయ కాసింది, మణికట్టు, మోచెయ్యి, ఛాతీ, నడుము, ఈవిడ విశ్రాంతి ఇస్తోందా కొలతలు తీసుకుంటోందా, నా చెయ్యి టేపు కోసం మెడ దగ్గరికి పోనే పోయింది, కదలకండమ్మా, అంది, నన్నే, అయినా అక్క కోటుకి నాకు టేపెందుకు, చిన్నప్పట్నుంచీ ఒకే సైజు, తన గౌను నాకు, నా గౌను తనకి, డ్యూటీల మధ్య తనకి తీరికెక్కడిది, నేనే తొడుక్కుని అద్దంలో చూసి సరిచేస్తాను, ఈ కోటూ అంతే, సభ కోసం ఆరు రోజులు కుట్టాను, కాలరే రెండుసార్లు విప్పాను, నాకు అతికినట్టు సరిపోయింది, తను తొడుక్కుని, ఏమే, ఎడమవైపు పట్టేస్తోందే, అంది, కోటుకేం రోగం లేదు, నీ భుజమే వంకరపోయింది, అనేశాను, నా టైలరింగు కొట్లో ఇద్దరు ఆడవాళ్ల ముందు, మొహం ఇంత చేసుకుని, సరేలే, రెడీమేడ్ కొనుక్కుంటాను, అని కోటక్కడే పడేసి పోయింది, నేను మిషనెక్కిన నాటి నుంచీ నా కుట్టు తప్ప ఒంటిమీద వేసుకోని మనిషి, రేపు అందరూ చూస్తుండగా ఎవరో కుట్టిన కోటులో నిలబడుతుంది, తలుచుకుంటే ఏడుపొస్తోంది.

కుడి భుజం నేలకి ఆనిందా గమనించండి, ఆనింది, ఎడమ భుజం, ఆనలేదు, మళ్లీ గమనించాను, లేదు, చీమల బారు దర్జాగా దూరిపోయేంత సందు, నొక్కితే దిగుతోంది, వదిలితే లేస్తోంది, నలభై ఏళ్లుగా ఎడం చేత్తో గుడ్డ నెడుతూ మిషను మీదికి వంగి వంగి, అమ్మో, ఆ కోటుకి ఎడమ భుజం దగ్గర వేలెడు గుడ్డ ఎక్కువైందని లోపలికి మడిచింది నేనే కదూ, అద్దం ముందు, నా ఒంటి మీద, కళ్లు తెరిచేశాను, తెరవకూడదు, తెరిచి పక్కకి చూశాను, అక్క భుజాలు రెండూ గచ్చుకి ఆనుకుని, స్కేలు పెట్టి గీసినట్టు, మధ్యలో ఆ గుర్రు, నవ్వాగలేదు నాకు, పెదవి కొరుక్కున్నా పొట్ట ఊగిపోతోంది.

మొదట చెప్పుకున్న సంకల్పాన్నే మళ్లీ మూడుసార్లు అనుకోండి, మాట మార్చకండి, అంటోంది టీచరమ్మ, ఏమనుకోకండి టీచరమ్మా, మారుస్తున్నాను, మడిచిన గుడ్డ కత్తిరించలేదు, లోపలే ఉంది, విప్పి కుట్టడానికి ఒక పూట చాలు, అక్కా వంకర నాది, అక్కా వంకర నాది, మూడోది పైకే వచ్చేసినట్టుంది, గుర్రు ఆగింది, కళ్లు మూసుకునే అక్క, తొమ్మిది రోజుల తర్వాత, నాకెప్పుడో తెలుసులేవే, రెడీమేడ్ ఏదీ కొనలేదు, సాయంత్రం కొట్టుకి రానా, అని గొణిగింది, రా అక్కా, రా, ఇన్నేళ్లూ నన్ను అద్దంలో చూసుకుంటూ నీకు కుట్టాను, ఇవాళ నిన్ను ఎదురుగా నిలబెట్టి, నిన్ను చూసి కుడతాను.