పెడల్ మీద పరుగు

పుంగనూరులో ఇంట్లోనే బట్టలు కుట్టే ముక్తియార్‌కు షుగర్ ఉందని తేలాక, కుప్పంలో నర్సింగ్ చదివే కూతురు సబా టీవీలో ఒక ఆట పెట్టి వెళ్లింది. కాలికి పట్టీ కట్టుకుని ఉన్నచోటే పరిగెత్తితే తెర మీద బొమ్మ కొండ ఎక్కుతుంది. పొద్దున ఏడింటికి అక్కడ సబా పరిగెత్తితే ఆమె బొమ్మ కూడా అదే కొండ మీద కనిపిస్తుంది.

వారం రోజులు అతను నిజంగానే పరిగెత్తాడు. ఒకరోజు పట్టీ విప్పడం మరిచి మిషన్ ముందు కూర్చున్నాడు. పెడల్ తొక్కుతుంటే బొమ్మ దూసుకుపోయింది. అప్పటి నుంచి కూర్చునే గెలుస్తున్నాడు. కానీ మనసు కుదురుగా ఉండటం లేదు. తిన్నగా వచ్చిన కుట్టునే విప్పి మళ్లీ కుడుతున్నాడు.

ఆ పొద్దున ఫోన్ స్పీకర్‌లో సబా రొప్పుతూ నవ్వింది.

"అబ్బాజాన్, నాకు ఊపిరాడ్తాలేదు, నీకు ఆయాసం కూడా రాలేదే! సోమారం రక్తపరీక్షలో షుగరు తగ్గిపోయుంటాది సూడు."

అతని కాలు పెడల్ మీదే ఆగిపోయింది. రక్తం పెడల్ మాట వినదు.

"సెప్పు, కూసోనే కొండెక్కినానని," భార్య షకీలా గుసగుసగా ఎగతాళి చేసింది.

ముక్తియార్ లేచి పరుగు మొదలుపెట్టాడు. నలభై అడుగులకే ఆయాసం వచ్చింది. బొమ్మ వెనకబడింది. పైన మలుపులో సబా బొమ్మ ఆగింది.

"ఏమైంది అబ్బాజాన్? యాల ఎనకబడినావు?"

"వస్తాండానమ్మా," అన్నాడు రొప్పుతూ. "ఇప్పుడే బయల్దేరినాను."